మా బండిమీది గీతలు

సోదరీమణులారా! ఇత్తడి పాత్రలు తోముట, పట్టుచీరలు మడచి పెట్టుట, వెండికి మెరుగు పెట్టుట గృహిణికి తెలిసియుండవలెను గాని, మోటారుబండి రంగును కాపాడు విధము గూడ తెలియవలెనా యని మీలో కొందరు నవ్వవచ్చును. కొన్నేండ్ల క్రిందట మేమును అట్లే నవ్వియుందుము. బండి మగవారి సొత్తనియు, దాని మంచిచెడ్డలు మేస్త్రీలే యెరుగుదురనియు మా తలంపు. అట్టి మేము ఈ విషయమును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. దాచుకొన్నచో ఒరులకు ఉపయోగింపదు గావున ఉన్నదున్నట్లు చెప్పుచున్నాము.

మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ సమీపమున, ఒక సన్నని గల్లీలో నున్నది. రెండు ఆటోలు ఎదురుపడినచో ఒకటి వెనుకకు పోవలసినదే. మా వారు ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి ఒక చిన్న కారు కొనిరి. అది వేడుకకు కొన్నది కాదు. మా అత్తగారికి మూత్రపిండముల జబ్బు. డయాలిసిస్ చేయించుటకై వారమునకు రెండుమార్లు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చికిత్సయైన పిమ్మట ఆమెకు నిలుచుటకే శక్తి యుండదు. ఆటోలో కుదుపులకు ఓర్వలేకపోయెడిది. కావున బండి కొనిరి. రంగు మాత్రము అత్తగారే యేరిరి. నెమలికంఠము వంటి ముదురు నీలము. “ఎట్లైనా దవాఖానకే పోవాలె గద బిడ్డా, మంచి రంగు బండిల పోదాం” అని ఆమె నవ్వుచు పలికిన మాట మాకు ఇప్పటికిని వినబడుచున్నట్లుండును.

మా గల్లీలో ఐదిండ్లవారికి కార్లు కలవు. వానినన్నిటిని తెల్లవారుజామున కడుగువాడు ఒక కుర్రవాడు. పాలమూరు ప్రాంతమునుండి తల్లితో వచ్చి, వెనుక వీధిలో ఒక గది అద్దెకు తీసికొని, పగలు కాలేజీలో చదువుచుండెను. ఇంటికి నెలకు 500 రూపాయల చొప్పున వానికి ముట్టెడిది. ఆ సొమ్ముతోనే వాని ఫీజులును, గది అద్దెలో కొంతయు గడచుచుండెనని తరువాత తెలిసినది.

ఒకనాడు, ఉగాదికి కొన్ని దినములు ముందు, బండి యెడమ ప్రక్కన ముందు తలుపు మొదలు వెనుక చక్రము వరకు పొడుగాటి గీత యొకటి మా కంటబడెను. ఎవరో మేకుతో గీసినట్లుండెను. దగ్గరకు పోయి చూడగా తలుపు పిడి చుట్టును చిన్న చిన్న గీతలు, మూతమీద సాలెగూడు వలె మరికొన్ని సన్నని గీతలు. మాకు కడుపు మండిపోయెను. బండిని ప్రతిదినము తాకువాడు ఒక్కడే. మరునాడు వాడు నీళ్ళబిందె దింపకముందే నిలవేసి అడిగితిమి.

“నేను గియ్యలేదమ్మా. నా చేతిల బట్ట తప్ప ఏముంటది?” అని వాడనెను.

ఆ ప్రశ్నకు మేము సమాధానము ఆలోచింపలేదు. ఆలోచించియున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది కాదు. వానిని మాన్పించితిమి. అంతతో నూరకున్నను కొంత మేలే. ఎదురింటివారికి, ప్రక్కవారికి, మూలయింటివారికి గూడ చెప్పితిమి. వారు ముగ్గురును మా మాటమీద వానిని మాన్పించిరి. మాన్పింపని వారు మేము ఖాలా యని పిలుచు పొరుగింటి పెద్దమ్మ యొక్కరే. “కండ్లతో చూసినవా బేటీ?” అని ఆమె యడిగినది. చూడలేదంటిమి. “అయితే నేను ఎట్ల అంట?” అని ఆమె తలుపు వేసికొన్నది. ఆనాడు ఆమెకు లోకజ్ఞానము లేదనుకొంటిమి.

అటుపిమ్మట బండిని తుడుచుపని మా మీద పడెను. ఉదయమున ఇల్లు ఊడ్చిన వెంటనే ఒక పొడిగుడ్డ తీసికొని బండినంతయు గట్టిగా రుద్ది రుద్ది తుడుచుచుంటిమి. మా గల్లీ దుమ్ము సామాన్యము కాదు. ఎప్పుడును ఎవరో ఒకరు పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టుచునే యుందురు. ఆ సున్నము, సిమెంటు, కంకర పొడి అన్నియు బండిపై పడును. పావురముల సంగతి చెప్పనే యక్కరలేదు. మక్కా మసీదు దగ్గర వానికి గింజలు చల్లువారెందరో. కడుపునిండ తిన్న పావురములు మా కారుమీదను, ఆరవేసిన బట్టలమీదను తమ గురుతులు వదలి పోవుచుండును. నెల తిరుగకమునుపే మూతమీద నాలుగు మచ్చలు తెల్లగా తేలి, ఎంత కడిగినను పోలేదు.

అప్పుడు మా వారు బండిని రంగులు వేయు ఒక ఉస్తాదు వద్దకు తీసికొనిపోయిరి. అత్తగారిని ఆసుపత్రినుండి తెచ్చుచున్న దినము గావున మేమును వెంట నుంటిమి. ఆ ముసలి ఉస్తాదు బండిని చూచి ధర చెప్పలేదు. సెల్‌ఫోను దీపము వెలిగించి, దానిని రంగుకు ఏటవాలుగా పట్టి, నాడి చూచు వైద్యునివలె చుట్టు తిరిగెను. ఎండలో కనబడని గీతలన్నియు ఆ వెలుగులో లేచి నిలిచెను. వానినొక్కొక్కదానిని చూపి ఆయన చెప్పిన మాటలు మాకు పాఠములైనవి.

మూతమీది సాలెగూటి గీతలు పొడిగుడ్డ పని. గుడ్డ మెత్తనిదే, కాని దాని క్రింద చిక్కిన దుమ్ము మెత్తనిది కాదు. దుమ్ములో ఇసుకరేణువు లుండును, అవి రంగుపూతకంటె గట్టివి. పొడిగా రుద్దినచో గుడ్డ గరుకుకాగితముగా మారును. గుండ్రముగా తుడిచిన చేయి గుండ్రని గీతలే గీయును. తెల్లని మచ్చలు పావురముల రెట్టవి. రెట్టలో ఆమ్లగుణము గలదు. మే నెలలో మన ఊరి యెండ నలువది డిగ్రీలు దాటునప్పుడు ముదురు రంగు రేకు అంతకంటె నెంతో వేడెక్కి, పైపూత మెత్తబడును. ఎండిన రెట్ట దానిని పట్టుకొని తినివేయును. రాత్రి చల్లబడినప్పుడు మచ్చ అచ్చుపడిపోవును.

తలుపు పిడి చుట్టునున్న చిన్న వంపు గీతలను చూపి ఉస్తాదు మా వైపు తిరిగెను. ఏమియు అనలేదు; మా చేతుల వైపు చూచెను. మా చేతులకు లాడ్ బజారులో కొన్న రాళ్ళు పొదిగిన లక్కగాజు లుండెను. తలుపు తీసిన ప్రతిసారియు, తుడిచిన ప్రతిసారియు ఆ రాళ్ళు గీసిన గీతలవి. మాకు తల యెత్త బుద్ధి కాలేదు.

ఇక మిగిలినది ఆ పొడుగాటి గీత. ఉస్తాదు దానికి అడ్డముగా గోరు పోనిచ్చెను. గోరు చిక్కుకొన్నది, అనగా గీత పైపూతను దాటి లోతునకు పోయినది. తరువాత దీపము దగ్గరగా పట్టి, “ఇందులో పచ్చ రంగున్నది, చూడుండ్రి” అనెను. నీలపు గీతలో ఆకుపచ్చని పొడి! ఆ సంవత్సరము సంక్రాంతికి మా ఇంటి ఇనుప గేటుకు వేయించినది ఆకుపచ్చ రంగే. ఇంటికి వచ్చి చూచితిమి. గేటు గడియ బయటకు నాలుగంగుళములు పొడుచుకొని యున్నది. దాని కొనను నీలపు రంగు అంటియున్నది. నేలనుండి దాని యెత్తును, బండిమీది గీత యెత్తును సరిగా నొకటే.

మా వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట జ్ఞాపకము చేసికొని చెప్పిరి. ఉగాదికి ముందు ఒక అర్ధరాత్రి అత్తగారికి ఊపిరాడక, బండిని తటాలున బయటకు తీసి ఆసుపత్రికి పరుగెత్తిన సంగతి మాకందరకును తెలిసినదే. ఆ తొందరలో గేటు రెండవ రెక్క పూర్తిగా తెరవలేదు. ఏదో కీచుమన్నదట. అప్పుడు వినువారెవరు?

అత్తగారు మంచముమీద పండుకొని అంతయు వినిరి. “నా పానం కోసం పడ్డ గీతకు ఆ పిల్లగాని పొట్ట కొట్టినం గద బిడ్డా” అని గోడవైపు తిరిగిరి. ఆమె మమ్ము ఒక్క మాటయు నిందింపలేదు. అదే మాకు భరింపరాకపోయెను. తిలాపాపము తలా పిడికెడని పెద్దలందురు. పొడిగుడ్డ మాది, గాజులు మావి, గడియ మాది. నింద మాత్రము పరాయి బిడ్డపై వేసితిమి.

ఆ సాయంకాలమే వెనుక వీధిలోని గదికి పోయితిమి. వాని తల్లి మమ్ము చూచి లేచి నిలుచుండి చాప పరచినది. జరిగినది చెప్పి, నాలుగిండ్ల నెల జీతము 2000 రూపాయలు వాని ముందు పెట్టితిమి. వాడు తీసికొనలేదు. “చెయ్యని పనికి పైసలెందుకమ్మా? మీరు చెప్పిన్రని వాళ్ళు మాన్పించిన్రు. మీరే పోయి చెప్పుండ్రి” అనెను. కోపముతో ననలేదు, లెక్క చెప్పినట్లనెను. సొమ్ము తిరిగి చెంగున ముడివేసికొని వచ్చుట ఎంత బరువో ఆనాడు తెలిసినది.

మరునాడు మూడిండ్లకును పోయితిమి. మునుపు నింద చెప్పుటకు పోయినప్పుడు మెట్లెక్కుట సులభముగా నుండెను. ఇప్పుడు అవే మెట్లు కష్టమయ్యెను. తప్పు మాదని గడియ సంగతి, గాజుల సంగతి విడమరచి చెప్పితిమి. ఇద్దరు వానిని మరల పిలిపించిరి. మూడవవారు అప్పటికే వేరొకరిని పెట్టుకొనియుండిరి. వాని పొట్ట కొట్టుమని మేమడుగలేము. మా బండి కడుగుమని వానిని బ్రతిమాలితిమి. “మీ బండి నాకు వద్దమ్మా” అని నమస్కరించి పోయెను. అది న్యాయమే. నాటినుండి మా బండిని మేమే కడుగుచున్నాము. అందుచేతనే ఈ విద్య కొంత నేర్చితిమి.

ఈ రంగుపూత యెంతటిదో తెలిసికొన్నచో దానిని రుద్దుటకు చేయి రాదు. నేటి కార్లకు ఇనుపరేకుమీద తుప్పు పట్టకుండ ఒక పూత, దానిపై పునాది పూత, దానిపై రంగు, అన్నిటిపైన నిగనిగలాడు పారదర్శకమైన పూత యుండును. ఆ పైపూత మందము ఇంచుమించు మిల్లీమీటరులో ఇరువదవ వంతు. మన తలవెండ్రుకకంటెను పలుచన. గీతలు పోవునట్లు పాలిష్ చేయుట యనగా గీతను పూడ్చుట కాదు. చుట్టునున్న పూతను గీత లోతువరకు అరుగదీయుట. కావున మాటిమాటికి పాలిష్ చేయించినచో తరుగునది బండి ఆయువే.

పూర్వమీ పూతలు వేరు. గుఱ్ఱపు బండ్లకు వేసినట్లే చేతితో వార్నిషులు పూతపై పూతగా వేసి, ఆరబెట్టి, రుద్ది, మరల వేయుచుండిరి. అందుకు వారములు పట్టుచుండెను. 1920 ప్రాంతముల తరువాత త్వరగా ఆరు నైట్రోసెల్యులోజు రంగులు వచ్చి ఆ పని గంటలలోనికి తగ్గెను. మా ఇంటికి నడక దూరముననే యున్న చౌమహల్లా ప్రాసాదములో ఆ పాత కాలపు బండి యొకటి కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండులో చేయించుటకు ఆజ్ఞాపించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ అది. ఆయన 1911లో పరమపదించుటచే దాని నెక్కు యోగము లేకపోయెను. ఏడవ నిజాము కాలమునను అది ఉత్సవములకు తప్ప బయటకు రాలేదనియు, నాలుగువందల మైళ్ళయినను తిరుగలేదనియు చెప్పుదురు. అత్తగారిని చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి ఒకనాడు దానిని చూపించితిమి. ఆమె చాలసేపు చూచి, “దీని మీద గీత లేదు. ఎట్లుంటది, ఎవ్వరిని దవాఖానకు తీస్కపోలే గద” అనిరి. ఆ మాట తరువాత మా బండి మాకు మరింత ప్రియమైనది.

ఇక గాలి సంగతి. 1591లో కట్టిన చార్మినారు సున్నపు గచ్చు నల్లబడుట మన మందరము చూచినదే. వాహనముల పొగలోని మసియు, గంధకపు వాయువులును తేమతో కూడి ఆమ్లమై, సున్నమును జిప్సముగా మార్చును. ఆ పొరలో మసి చిక్కుకొని నల్లని పెచ్చు కట్టును. నాలుగువందల యేండ్లు నిలిచిన గచ్చునే విడువని గాలి వెండ్రుకకంటె పలుచని పూతను విడుచునా? అందులోను చార్మినారును మసిబార్చిన పొగలో మన బండ్ల పొగయు గలదు. కావున సమీపమున నున్న అంగడికి మేము నడిచియే పోవుచున్నాము. బండికిని మంచిది, కట్టడమునకును మంచిది.

ఇప్పుడు మేము పాటించు విధము చెప్పెదము. బండి కడుగుటకు ముందు గాజులు, ఉంగరములు తీసి గోడకు కొట్టిన కొక్కెమునకు తగిలించెదము. ఎండ రాకముందే, రేకు చల్లగా నున్నప్పుడే కడుగవలెను. మొదట గుడ్డ తాకింపక నీళ్ళు ధారగా పోసి దుమ్మును జారనీయవలెను. రెండు బకెట్లు కావలెను: ఒకదానిలో కారుకని అమ్ము మెత్తని సబ్బునీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను మంచినీటిలో జాడించి, దుమ్ము వదలిన పిమ్మటనే సబ్బునీటిలో ముంచవలెను. పైనుండి క్రిందికి, తిన్నగా, నొక్కక తుడువవలెను. చక్రముల దగ్గర వాడిన గుడ్డను తలుపులపై వాడరాదు. అంట్లు తోము సబ్బు మైనపు పూతను కడిగివేయును. కిరసనాయిలుతో తుడిచినచో ఆ పూటకు మెరయును గాని జిడ్డుకు దుమ్ము మరింత పట్టును.

మా వంటి బోరుబావి నీటిలో సున్నపు పాలు ఎక్కువ. నీటిచుక్కలు అట్లే ఆరినచో తెల్లని వలయములు మిగులును. కావున కడిగిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో అద్ది తడి తీయవలెను. పాత వలయములకు సిర్కాలో సమముగా నీరు కలిపి అద్ది, వెంటనే మంచినీటితో కడిగినచో చాలవరకు పోవును. రెట్టపడినచో గోకరాదు. తడిగుడ్డ దానిపై పరచి, పది నిమిషములు నాననిచ్చి, పైకెత్తి తీయవలెను. ఇది ఆనాడే చేయవలెను. రేపటికి వాయిదా వేసినచో ఎండ మనకంటె ముందు పని ముగించును. దుమ్ముపట్టిన బండిపై తొడుగు కప్పుటయు తప్పే. గాలికి తొడుగు కదలి అదే గరుకుకాగితమగును. రెండు మూడు నెలలకొకమారు మైనము పట్టించినచో మంచిది. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నూబా మైనము ఇందుకు ప్రసిద్ధము. వేలకొలది ఖర్చుపెట్టగలవారు సెరామిక్ పూతలు వేయింతురు. అవి ఎక్కువ కాలము నిలుచును గాని మేకు గీతను, రాళ్ళ గాజును అవియు ఆపజాలవు.

మరియొక మాట. దసరాకు ఆయుధపూజనాడు బండికి పసుపు కుంకుమలు పెట్టుట మన ఆచారము. దానిని మానుమనుట లేదు. నిమ్మకాయ రసము ఆమ్లము. పసుపు మరక ఎండకు పట్టును. బొట్టు అద్దముమీద పెట్టి, చక్రముల క్రింది నిమ్మకాయలు నలిగిన తరువాత నీరు చల్లినచో భక్తికి లోపము లేదు, బండికి చేటు లేదు. పెండ్లిబండికి పూలు టేపుతో అంటించి దినమంతయు ఎండలో నుంచినచో టేపుజిడ్డు పూతకు పట్టుకొనును. దారముతో కట్టుట మేలు.

ఆ పొడుగాటి గీతను ఉస్తాదుచేత పూడ్పించితిమి. లోతైన గీతను విడిచినచో రేకు తుప్పుపట్టును. గేటు గడియను కోయించి లోపలివైపునకు మార్పించితిమి. ఇప్పుడు దీపము పెట్టి వెదకినను ఆ గీత కనబడదు.

ఆ కుర్రవాడు ఇప్పటికిని తెల్లవారుజామున గల్లీలోనికి వచ్చును. ఖాలా బండి కడుగుచు, మా అత్తగారు అరుగుమీద కూర్చుండినచో “మంచిగున్నవా అవ్వా?” అని పలుకరించును. మేము ఎదురైనప్పుడు తల వంచి ప్రక్కకు తప్పుకొనును. మేమును బకెట్టు దింపి, గాజులు కొక్కెమునకు తగిలించి, మా పని మేము చేసికొందుము.

సోదరీమణులారా! మీ ఇంట వస్తువు దేనిమీదనైనను గీత కనబడినప్పుడు, పనివారిని పిలుచుటకు ముందు దీపము తెచ్చి చూడుడు. ఆ తరువాత మీ చేతులను గూడ చూచుకొనుడు.